తిరుపతిలో చిన్న వృద్ధుల హోమ్: రాత్రి పూట చూసుకునేది ఎవరు?

తిరుచానూరు_ఆడపడుచు
అందరికీ నమస్కారం. మా అమ్మకు 78 ఏళ్ళు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. షుగర్ ఉంది, రాత్రి ఇన్సులిన్ వేయాలి. మాట ముద్దగా వస్తుంది కానీ మనం చెప్పేది అంతా అర్థమవుతుంది. నేను బెంగళూరులో, తమ్ముడు మస్కట్‌లో. ఇంట్లో పెట్టుకుని చూసే పరిస్థితి లేక తిరుపతిలోనే ఒక చిన్న హోమ్‌లో చేర్చాం. రెండంతస్తుల ఇల్లు, పదకొండు మంది పెద్దవాళ్ళు. పగలు ఇద్దరు ఆయాలు, ఒక వంటావిడ ఉంటారు. ఇల్లు శుభ్రంగానే ఉంది, మనుషులూ మర్యాదగానే మాట్లాడతారు.

మొన్న వెళ్ళినప్పుడు అమ్మకు నైటీ మారుద్దామని పక్కకు తిప్పితే వెన్ను చివర, పిరుదుల మధ్య ఎముక దగ్గర, రూపాయి బిళ్ళంత మచ్చ కనిపించింది. చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లగా ఉంది, తాకితే వెచ్చగా ఉంది. ఆయాను అడిగితే "వేడి చేసిందమ్మా, పౌడర్ వేసి రుద్దుతున్నాం" అంది. రాత్రి ఎవరు ఉంటారని అడిగితే "ఒకామె ఇక్కడే పడుకుంటుంది" అన్నారు. అమ్మను అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఏమీ చెప్పలేదు.

ఇక అప్పటి నుంచి ఒకటే టెన్షన్. హోమ్ మార్చాలా? కూర్చుని మాట్లాడితే సరిపోతుందా? ఎవరికైనా ఫిర్యాదు చేయాలా? ఇంతకీ చిన్న హోమ్‌లో ఏం చూసి నమ్మాలి?

నిర్వాహకులు
అమ్మా, ఇక్కడ హోమ్ పేరు గానీ, యజమాని పేరు గానీ, ఫొటోలు గానీ పెట్టొద్దు. మిగతా సభ్యులకూ ఇదే మనవి. తెలిసినవాళ్ళు సలహాలు ఇవ్వండి.

రిటైర్డ్_సిస్టర్_చిత్తూరు
అమ్మాయీ, ముందు ఆ మచ్చ సంగతి. వేడి చేసి వచ్చేది కాదది. పడక పుండుకు మొదటి మెట్టు. తోలు ఇంకా లేవకుండా ఉంటే మానిపోయే దశలోనే ఉన్నట్టు, ధైర్యంగా ఉండు. కానీ ఈరోజే ఫోన్ చేసి రెండు మాటలు గట్టిగా చెప్పు. ఆ చోట రుద్దొద్దు. పౌడర్, స్పిరిట్ ఏమీ రాయొద్దు. రుద్దితే లోపల అప్పటికే నలిగి ఉన్న కండ ఇంకా దెబ్బ తింటుంది.

పుస్తకాల్లో "ఎర్రగా కందితే జాగ్రత్త" అని రాసి ఉంటుంది. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనపడదు. నువ్వు చూసినట్టే నల్లగానో, ఊదాగానో, నిగనిగలాడుతూనో ఉంటుంది. అందుకే చేత్తో తాకి చూడాలి. వెచ్చగా ఉందా, గట్టిపడిందా, లేక మెత్తగా గుజ్జులా ఉందా అని. వేలితో నొక్కి వదిలితే మామూలు చర్మం పాలిపోయి మళ్ళీ రంగు తిరుగుతుంది. అక్కడ రంగు మారకపోతే రక్తం ఆడటం లేదని లెక్క.

మందుల కన్నా ముందు చేయాల్సింది పక్క మార్చడం. రెండు గంటలకోసారి. పూర్తిగా పక్కకు తిప్పేస్తే తుంటి ఎముక మీద బరువు పడి అక్కడ ఇంకో పుండు వస్తుంది. వీపు వెనక దిండు పెట్టి సగం వాలుగా పడుకోబెట్టాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా గాల్లో ఉంచాలి. కొంతమంది మధ్యలో రంధ్రం ఉన్న గాలి ట్యూబు పెడతారు, అది వద్దు. అంచుల దగ్గర ఒత్తిడి పెరిగి మధ్యలోకి రక్తం రాదు. మోటారుతో నడిచే ఎయిర్ బెడ్ కొనిస్తే మంచిదే, కానీ ఎయిర్ బెడ్ వేసినా పక్క మార్చడం మానకూడదు. "బెడ్ వేశాం కదా" అని మానేసిన చోట్లే ఎక్కువ పుండ్లు చూశాను.

డైపర్ తడిసి గంటల తరబడి ఉంటే ఇవన్నీ చేసినా ఉపయోగం లేదు. రోజూ గుడ్డు, పాలు, పప్పు పెడుతున్నారో లేదో కనుక్కో. ఒంట్లో ప్రోటీన్ లేకపోతే తోలు మానదు.

చంద్రగిరి_కోట
అక్కా, వెంటనే తీసుకొచ్చేయండి. ఒక పుండు చూపించారంటే చూపించనివి ఎన్ని ఉన్నాయో. ఈ హోమ్‌లన్నీ డబ్బు కోసమే.

పెద్దల_ఇల్లు_రేణిగుంట
నేను రేణిగుంట దగ్గర తొమ్మిది మందితో ఇలాంటి హోమ్ నడుపుతున్నాను. పైన అన్నయ్య "అన్నీ డబ్బు కోసమే" అన్నారు. ఆయన బాధ ఆయనది, కాదనను. మా వైపు సంగతి కూడా వినండి.

నెలకు పదిహేను వేలు తీసుకుంటే అందులోనే ఇంటి అద్దె, కరెంటు, గ్యాస్, పాలు, కూరగాయలు, ఆయాల జీతాలు, వారానికోసారి వచ్చే డాక్టర్ ఫీజు అన్నీ రావాలి. రాత్రి డ్యూటీకి మనిషి దొరకడం అన్నిటికన్నా కష్టం. యాత్రికుల కోసం ఊరంతా లాడ్జీలు, హోటళ్ళు. హౌస్‌కీపింగ్‌కు వెళ్తే ఇదే జీతం వస్తుంది, డైపర్లు మార్చే పని ఉండదు. చేరిన అమ్మాయికి పని నేర్పించి మూడు నెలలు తిరక్కుండానే వెళ్ళిపోతుంది.

చేర్చేటప్పుడు పిల్లలు మాకు అన్నీ చెప్పరు. "నడుస్తారు, తింటారు, షుగర్ ఒక్కటే" అంటారు. తీరా వచ్చాక చూస్తే రాత్రంతా నిద్రపోరు, మూడుసార్లు పడిపోయిన చరిత్ర ఉంటుంది. చేరిన రోజే తల నుంచి కాళ్ళ దాకా చూసి ఒంటి మీద ఏమున్నా రాసి సంతకం పెట్టించుకోవడం మా దగ్గర అందుకే మొదలుపెట్టాం. మీ అమ్మగారికి అలా రాశారా, అడగండి.

రిటైర్డ్_సిస్టర్_చిత్తూరు
హోమ్ నడిపే అన్నగారు చెప్పింది నిజం. ఆయాల మీద అరిచి లాభం లేదు. రాత్రి లెక్క ఒకసారి వేసి చూడండి, మీకే తెలుస్తుంది.

రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఆరు దాకా పది గంటలు. పదకొండు మందిలో మంచం దిగలేని వాళ్ళు ముగ్గురే అనుకుందాం. ఒక్కొక్కరికి ఐదుసార్లు పక్క మార్చాలి. అంటే పదిహేను సార్లు. తిప్పడం, డైపర్ చూడటం, తడిస్తే తుడిచి మార్చడం, దిండ్లు సర్దడం, రెండు గుటకలు నీళ్ళు తాగించడం, చెయ్యి కడుక్కోవడం. తక్కువలో తక్కువ పావుగంట. మొత్తం దాదాపు నాలుగు గంటల పని. అదీ ఇద్దరు పట్టుకుంటేనే సరిగ్గా అవుతుంది. ఒక్క మనిషి తిప్పాలంటే లాగుతుంది. దుప్పటి మీద ఒరుసుకుని తోలు లేచేది అప్పుడే. ఈ మధ్యలో మిగతా ఎనిమిది మందిలో ఎవరో ఒకరు బాత్రూంకు లేస్తారు, ఇంకొకరు దగ్గుతారు.

పగలంతా పనిచేసిన ఆయానే "ఇక్కడే పడుకుంటుంది" అంటే రాత్రి ఆమె మెలకువగా ఉండే మనిషి కాదు. ఉండలేదు కూడా. అది ఆమె తప్పు కానే కాదు. కాబట్టి నువ్వు అడగాల్సింది ఒక్కటే. రాత్రి డ్యూటీకి పగలు పడుకుని వచ్చే వేరే మనిషి ఉందా, లేదా?

పగలూ_రేయీ
నేను హోమ్‌లో ఆయాగా నాలుగేళ్ళు చేశాను, ఇప్పుడు ఇళ్ళకు వెళ్ళి చూసుకుంటున్నాను. సిస్టరమ్మ చెప్పింది చదివాక రాయాలనిపించింది.

నేను చేసిన చోట పగలు, రాత్రి రెండూ నేనే. మెట్ల కింద చాప వేసుకునేదాన్ని. అవ్వ పిలిస్తే వినపడాలని ఫ్యాన్ కూడా తక్కువలో పెట్టుకునేదాన్ని. అయినా తెల్లారేసరికి ఎవరో ఒకరు తడిసిపోయి ఉండేవాళ్ళు. రాత్రి పది దాటితే నీళ్ళు ఇవ్వొద్దని మాకు చెప్పేవాళ్ళు, డైపర్లు తడుస్తాయని. ఎండాకాలంలో కూడా అంతే. పై గది మీద రేకులు. ఒక తాతకు పెదాలు ఎండి, మాటలు తడబడి, మనుషుల్ని గుర్తుపట్టకుండా అయిపోయాడు. అందరూ మతి పోయిందనుకున్నారు. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించి, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు మందులిస్తే మళ్ళీ మామూలు మనిషయ్యాడు.

మీ అమ్మగారు ఏడ్చారన్నారు కదా. పక్కన ఆయా నిలబడి ఉంటే ఏ అవ్వా ఏమీ చెప్పదు. మీరు వెళ్ళిపోయాక చూసుకోవాల్సింది ఆ ఆయానే కదా. ఒంటరిగా ఉన్నప్పుడు, అవును, కాదు అని తల ఊపితే చాలు అనే ప్రశ్నలు అడగండి. "రాత్రి పిలిస్తే వస్తారా?" "నీళ్ళు ఇస్తారా?" "ఎవరన్నా కసురుతారా?" అలా. చేతి పైభాగం లోపలివైపు చూడండి. గట్టిగా పట్టి లేపితే అక్కడే వేళ్ళ గుర్తులు పడతాయి.

తిరుచానూరు_ఆడపడుచు
అమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ చేయలేకపోయాను. ఈ ప్రశ్నలు తప్పకుండా అడుగుతాను. సిస్టర్ గారూ, రుద్దొద్దని ఫోన్ చేసి చెప్పాను. సరేనన్నారు. చేరినప్పుడు ఒంటి మీద ఏముందో రాసిన కాగితం ఏదీ లేదట.

ఫిజియో_పుత్తూరు
పక్షవాతం, ముద్దమాట అన్నారు కాబట్టి ఒక విషయం. మాట ముద్దగా ఉన్నవాళ్ళలో చాలామందికి మింగడం కూడా కష్టంగా ఉంటుంది. నీళ్ళు తాగగానే దగ్గు వస్తుందా? తిన్నాక గొంతు గరగరమంటుందా? బుగ్గలో మెతుకులు మిగిలిపోతున్నాయా? ఇవి ఉంటే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతున్నట్టు అనుమానించాలి. అదే తర్వాత న్యుమోనియా అవుతుంది.

మన వైపు హోమ్‌లలో నేను తరచూ చూసేది సంగటి. మనకు సంగటి నమలకుండా ముద్ద చేసి పులుసులో ముంచి మింగడం అలవాటు. మింగడం సరిగ్గా రానివాళ్ళకు ఆ అలవాటే ప్రమాదం. రాగులే పెట్టాలనుకుంటే చిక్కటి జావగా చేసి, చిన్న చెంచాతో, నోటికి పని చేసే వైపు పెట్టాలి. మీ అమ్మగారికి ఎడమ వైపు. పూర్తిగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, ఒక చెంచా మింగాక ఇంకో చెంచా. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. పలచటి మజ్జిగ, నీళ్ళ కన్నా చిక్కటివి తేలిగ్గా మింగగలరు. ఇదంతా తెలిసిన మనిషి తినిపిస్తే ఒక్కొక్కరికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. భోజనాల వేళకే వెళ్ళి చూడండి. పది నిమిషాల్లో పళ్ళెం ఖాళీ అయితే అనుమానించండి.

పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపకూడదు, భుజం జారుతుంది. ఇది ప్రతి ఆయాకూ చెప్పాలి.

చంద్రగిరి_కోట
నేను మొదట కోపంగా రాశాను, అందుకు కారణం చెబుతాను. మా నాన్న ఒక హోమ్‌లో రాత్రి బాత్రూంలో పడ్డాడు. పేరు రాయను. నైట్ లాంప్ లేదు, గోడకు పట్టుకోవడానికి రాడ్ లేదు, నేల తడి. పడింది రాత్రి, మాకు ఫోన్ వచ్చింది పొద్దున పదింటికి. అప్పటికే ఎవరో సలహా ఇచ్చారని ఆటోలో పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించారు. మేం వెళ్ళి చూస్తే కాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగి ఉంది. తిరుపతి తెచ్చి ఎక్స్‌రే తీయిస్తే తుంటి దగ్గర విరిగింది. ఆపరేషన్ అయింది, కానీ ఆయన మళ్ళీ నడవలేదు.

ఫిజియో_పుత్తూరు
అన్నా, చాలా బాధగా ఉంది. మా ఊరి కట్టు మీద జనానికి ఎంత నమ్మకమో నాకు తెలుసు. కానీ తుంటి విరుపు కట్టుతో అతికేది కాదు. పెద్దవాళ్ళకు ఒకటి రెండు రోజుల్లోపే ఆపరేషన్ జరిగితే మంచిది, మంచాన పడి ఉన్న కొద్దీ న్యుమోనియా, కాళ్ళలో రక్తం గడ్డలు, పుండ్లు. మీరు చెప్పిన రెండు గుర్తులూ, కాలు పొట్టిగా కావడం, పాదం బయటికి తిరగడం, హోమ్‌లో అందరికీ తెలియాలి. అవి కనిపిస్తే లేపకుండా, లాగకుండా 108కి ఫోన్ చేయడమే. తిరుపతిలో రుయా ఉంది, స్విమ్స్ ఉంది, ఎముకలకు బర్డ్ ఉంది. ఇన్ని ఆస్పత్రులు దగ్గర్లో ఉన్న ఊళ్ళో పది గంటలు ఆలస్యం జరగకూడదు.

తలకు దెబ్బ తగిలితే ఇంకా జాగ్రత్త. గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళకు పైకి ఏమీ కనపడకపోయినా లోపల రక్తస్రావం కావచ్చు.

కాణిపాకం_మనవడు
మా అవ్వకు డిమెన్షియా, అదే మతిమరుపు జబ్బు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు "ఇంటికి పోతా, ఆవుకు గడ్డి వేయాల" అని గేటు దగ్గరికి పోతుంది. హోమ్ వాళ్ళు రాత్రి ఒక మాత్ర ఇస్తున్నారు. అది మొదలయ్యాక పగలు కూడా మత్తుగానే ఉంటోంది, తల నిలపదు. ఎవరు రాశారని అడిగితే "మా డాక్టర్ గారు చెప్పారు" అంటారు, చీటీ చూపించరు. ఒకసారి చున్నీతో మంచానికి నడుము కట్టి ఉంచారు. పడిపోకుండా అన్నారు. ఇది మామూలేనా?

రిటైర్డ్_సిస్టర్_చిత్తూరు
మామూలు కాదు నాయనా. నిద్రమాత్రతో మత్తుగా ఉన్న మనిషి బాత్రూంకు లేచిందంటే పడుతుంది. డిమెన్షియా ఉన్నవాళ్ళను ఊరకుంచడానికి వాడే కొన్ని మానసిక వ్యాధుల మందుల వల్ల చనిపోయే ప్రమాదం పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే గట్టి హెచ్చరిక ఇచ్చింది. ఎప్పుడూ వాడకూడదని కాదు. డాక్టర్ చూసి, కారణం రాసి, తక్కువ మోతాదులో, ఎన్నాళ్ళో చెప్పి, మీ ఇంట్లోవాళ్ళకు తెలియజేసి వాడాలి. ఆయాకు రాత్రి నిద్ర కావాలని వాడకూడదు. అయితే ఒకటి, నువ్వంతట నువ్వు హఠాత్తుగా ఆపేయొద్దు. మాత్ర స్ట్రిప్ ఫొటో తీసుకుని డాక్టర్‌ను అడుగు.

అవ్వ సాయంత్రం కంగారు పడటానికి వేరే కారణం ఉందేమో చూడు. మలబద్ధకం, మూత్రంలో మంట, నొప్పి, ఆకలి. చెప్పలేనివాళ్ళు అలా తిరుగుతారు. ఆవు గురించి అడిగితే "ఇక్కడ ఆవు లేదు" అని వాదించకుండా ఏం ఆవు, ఎన్ని పాలిచ్చేది అని మాట్లాడుతూ రెండు అడుగులు నడిపిస్తే చాలాసార్లు సర్దుకుంటారు.

పలమనేరు_వకీలు
కట్టడం గురించి అడిగారు కాబట్టి చట్టం సంగతి చెబుతాను. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక మానసిక రోగుల హోమ్ తెల్లవారుజామున తగలబడి 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టి ఉంచడంతో పారిపోలేకపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 95వ సెక్షన్ గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. వృద్ధుల హోమ్‌లో చున్నీ అయినా అదే ప్రమాదం. దీనితో పాటు రాత్రి గ్రిల్ గేటు తాళం చెవి ఎక్కడ పెడతారో కూడా చూడండి. తాళం చెవి యజమాని ఇంట్లో ఉంటే, కింద వంటగదిలో సిలిండర్ అంటుకుంటే పై అంతస్తులో నడవలేని వాళ్ళ గతి ఏమిటి? నడవలేని వాళ్ళను కింద అంతస్తులోనే ఉంచాలి.

ఇక ఫిర్యాదులు. చాలామంది 2007 తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పేరు చెబుతారు. అందులో ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్ ముఖ్యంగా పిల్లలు, వారసులు పోషించనప్పుడు. నెలకు పదివేల దాకా ఇప్పించవచ్చు. 19వ సెక్షన్ ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ప్రభుత్వ హోమ్ గురించి చెబుతుంది. ప్రైవేటు హోమ్‌ల రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు తెచ్చే సవరణ బిల్లును 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టారు. అది చట్టం కాకుండానే ఆ లోక్‌సభ ముగిసింది. ఈ లోటు నాకు చాలా బాధ కలిగిస్తుంది. హోటల్‌లో ఇడ్లీ అమ్మాలన్నా ఆహార భద్రత లైసెన్సు కావాలి.

డబ్బు కట్టి చేర్చారు కాబట్టి మీకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం పనికొస్తుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు. ఉచితంగా నడిపే హోమ్‌లకు ఇది వర్తించదు. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. భారతీయ న్యాయ సంహిత 357వ సెక్షన్. జబ్బుతో, బలహీనతతో నిస్సహాయంగా ఉన్న మనిషిని చూసుకుంటానని ఒప్పందం చేసుకుని కావాలని మానేస్తే మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇందుకే ఒప్పందం కాగితం మీద ఉండాలి. రసీదు ఒక్కటి చాలదు.

కోర్టు దాకా పోకుండా తేలాలంటే వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే అది జిల్లా వయోవృద్ధుల సంక్షేమ శాఖకు వెళ్తుంది. ప్రాణాపాయం, కొట్టడం లాంటివైతే 112.

పెద్దల_ఇల్లు_రేణిగుంట
వకీలు గారూ, రిజిస్ట్రేషన్ తెస్తే మాలాంటి వాళ్ళం స్వాగతిస్తాం. ఇప్పుడు ఎవరైనా ఇల్లు అద్దెకు తీసుకుని పది మంచాలు వేసి బోర్డు పెట్టేయవచ్చు. సరిగ్గా నడిపేవాడికీ, అలా నడిపేవాడికీ ఒకటే పేరు.

కానీ ఫిర్యాదుకు ముందు ఒకసారి కూర్చుని మాట్లాడండి అమ్మా. ఏం అడగాలో చెబుతాను, మా దగ్గరికి వచ్చేవాళ్ళను కూడా ఇవే అడగమంటాను. రాత్రి పుస్తకం చూపించమనండి. పక్క మార్చిన టైము, ఏ వైపు, డైపర్, నీళ్ళు, ఎవరు చేశారు. పేజీ అంతా ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, 10, 12, 2, 4 అని గీత గీసినట్టు ఉంటే పొద్దున కూర్చుని రాసింది అని అర్థం. నిజంగా రాసిన పుస్తకం మురికిగా ఉంటుంది. ఒకచోట 1:40, ఇంకోచోట "వాంతి చేసుకుంది, చీర మార్చినాం" అని కొట్టివేతలతో ఉంటుంది.

మందుల డబ్బా కూడా తెరిపించండి. మాత్రలు స్ట్రిప్ నుంచి కత్తిరించి ఒకే ప్లాస్టిక్ డబ్బాలో వేస్తే పేరు ఉండదు, తేదీ ఉండదు. ఒకరి బీపీ మాత్ర ఇంకొకరికి పోయేది అలాగే. ఒక్కొక్కరికి వేరే పెట్టె, దాని మీద పేరు, లోపల డాక్టర్ చీటీ కాపీ ఉండాలి.

రిటైర్డ్_సిస్టర్_చిత్తూరు
పుస్తకం గురించి చాలా బాగా చెప్పారన్నా. ముప్పై ఏళ్ళు వార్డులో చేసినదాన్ని, నేనూ అదే చూస్తాను.

అమ్మాయీ, మీ అమ్మకు రాత్రి ఇన్సులిన్ అన్నావు. అది ఎవరు వేస్తున్నారు, ఎప్పుడు వేస్తున్నారు, తర్వాత తిన్నదా లేదా అన్నది రాయాలి. ఇన్సులిన్ వేసి తిండి సరిగ్గా తినకపోతే అర్ధరాత్రి షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, పిచ్చిగా మాట్లాడటం. మాట సరిగ్గా రాని మనిషిలో ఇవి కనిపెట్టడం కష్టం, మంచి నిద్రలో ఉంది అనుకుంటారు. గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువ వస్తే, మెలకువగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర కొద్ది నీళ్ళలో కలిపి మెల్లగా తాగించి పావుగంటకు మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో, కానీ గడ్డకట్టే అరలో కాదు. వాడుతున్న సీసా మీద తెరిచిన తేదీ రాసి ఉండాలి, మామూలుగా 28 రోజులు దాటాక పారేయాలి.

మింగలేరని అన్ని మాత్రలూ పొడి చేసి జావలో కలుపుతారు. మెల్లగా కరగాల్సిన మాత్రలను పొడి చేస్తే మొత్తం మందు ఒకేసారి ఒంట్లోకి వెళ్తుంది. ఏవి పొడి చేయవచ్చో డాక్టర్ చేత చీటీ మీద రాయించుకో.

పుంగనూరు_గౌరి
ఒక చిన్న సందేహం. మా పెద్దత్తకు ఎన్టీఆర్ భరోసా పింఛన్ నాలుగు వేలు వస్తుంది. హోమ్‌లో చేరితే ఆగిపోతుందా? హోమ్ వాళ్ళు ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం రెండూ వాళ్ళ దగ్గరే పెట్టుకుంటామంటున్నారు.

పలమనేరు_వకీలు
అమ్మా, పింఛన్ ఒకటో తేదీన సచివాలయం సిబ్బంది ఇంటికి వచ్చి ఇస్తారు కాబట్టి ఊరు మారితే ముందుగా మీ సచివాలయంలో చెప్పి బదిలీ గురించి అడగండి. ఒరిజినల్ ఆధార్, బ్యాంకు పుస్తకం, ఏటీఎం కార్డు ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. ఆధార్ జిరాక్స్ ఒక్కటి చాలు, ఆస్పత్రికి పనికొస్తుంది. తెల్లకాగితాల మీద వేలిముద్ర అడిగితే అసలు వేయించవద్దు. పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకు పింఛన్ 15 వేలు, ఆ అర్హత ఉందేమో కూడా కనుక్కోండి.

తిరుచానూరు_ఆడపడుచు
అందరికీ ధన్యవాదాలు. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు చెప్పకుండా హోమ్‌కు వెళ్ళాను. తలుపు తీయడానికి కొంచెం సేపు పట్టింది. ఆయా వంటింట్లో పళ్ళేలు కడుగుతోంది, పగలు చూసిన మనిషే. అమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. పిక్కల కింద దిండు లేదు. పక్కన నీళ్ళ గ్లాసు ఉంది, కానీ పడిపోయిన చేతి వైపు పెట్టారు.

ఆయాను కూర్చోబెట్టి మాట్లాడాను. ఆమె పొద్దున ఐదింటికి లేస్తుంది. ఇద్దరు పిల్లల్ని ఊళ్ళో అమ్మ దగ్గర వదిలి వచ్చింది. నా ముందే అమ్మను తిప్పి చూపించింది, చాలా నేర్పుగా తిప్పింది. రెండు గంటలకోసారి అని తనకు ఎవరూ చెప్పలేదంది. అమ్మను ఒంటరిగా అడిగాను. కసరరని తల ఊపింది. రాత్రి పిలిస్తే వస్తారా అంటే రారని తల ఊపింది.

పొద్దున యజమానితో గంటన్నర కూర్చున్నాను. మొదట మొహం మాడ్చుకున్నాడు. సిస్టర్ గారి రాత్రి లెక్క కాగితం మీద వేసి చూపించాక మెత్తబడ్డాడు. రాత్రికి వేరే మనిషిని పెడతానన్నాడు, ఖర్చు పెరుగుతుంది అన్నాడు. మిగతా కుటుంబాల ఫోన్ నంబర్లు వాళ్ళ అనుమతితో ఇప్పించుకుని మాట్లాడాను. ఏడు కుటుంబాలు నెలకు కొంత అదనంగా ఇవ్వడానికి ఒప్పుకున్నాయి, ఇద్దరు మాత్రం మా వల్ల కాదన్నారు. వాళ్ళ వాటా మిగతావాళ్ళం పంచుకుంటున్నాం. రాత్రి పుస్తకం, ఎవరైనా పడితే గంటలోపు ఫోన్, కొత్త మాత్ర మొదలుపెడితే ముందు మాకు చెప్పడం, ఎప్పుడు వచ్చినా తలుపు తీయడం, ఇవన్నీ ఒప్పందంలో రాయించాను. నెల చూస్తాను. పుస్తకం బాగా లేకపోయినా, రాత్రి మనిషి రాకపోయినా అమ్మను మారుస్తాను, 14567కి కూడా చెబుతాను.

ఇంకో విషయం. మచ్చ ఫొటో రోజూ పెడతామని హోమ్ వాళ్ళు అందరి కుటుంబాలూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నాకు మనసు చివుక్కుమంది.

పగలూ_రేయీ
ఆ ఆయాకు కూడా వారానికో రోజు సెలవు ఇప్పించండమ్మా. ఒప్పందంలో అది కూడా రాయించండి.

తిరుచానూరు_ఆడపడుచు
రాయిస్తాను.

చంద్రగిరి_కోట
అక్కా, బాత్రూంలో రాడ్లు, నైట్ లాంప్ కూడా అడగండి. ఖర్చు తక్కువే. కావాలంటే మా ఊళ్ళో ఆ పని చేసే అతన్ని పంపిస్తాను, కూలి నేను ఇస్తాను.

రిటైర్డ్_సిస్టర్_చిత్తూరు
ఫొటో గ్రూపులో నుంచి వెంటనే తీయించు. ఆమె ఆడమనిషి, ఆమె ఒళ్ళు అది. నీ ఒక్కదాని నంబరుకు పంపితే చాలు. ఫొటో కన్నా కొలత మేలు. చిన్న స్కేలుతో పొడవు, వెడల్పు ఎన్ని సెంటీమీటర్లో, రంగు ఎలా ఉందో, తోలు లేచిందా లేదా అన్నది పుస్తకంలో వారానికి రెండుసార్లు రాయమను. పక్క మార్చడం సరిగ్గా జరిగితే కొద్ది రోజుల్లోనే రంగు తేలికపడాలి. నీటి పొక్కు లేచినా, తోలు ఊడినా, చీము వాసన వచ్చినా, జ్వరం వచ్చినా నువ్వు బెంగళూరు నుంచి బయలుదేరే దాకా ఆగొద్దని యజమానికి ఇప్పుడే చెప్పి పెట్టు. ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

నీళ్ళ గ్లాసు ఎడమ వైపు పెట్టమని మంచం దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అంటించు. కొత్తగా వచ్చే రాత్రి ఆయాకు ఎవరూ చెప్పకపోయినా కనపడుతుంది.